ప్రజలంటే ప్రాణం, జనమంటే భయం: జేమ్స్ విల్సన్ మీద నా గొడవ

పోయిన సమ్మర్‌లో నాన్న తెనాలి నుంచి వచ్చారు. ఇక్కడికి వచ్చిన వాళ్ళందర్నీ తిప్పినట్టే ఆయన్ని కూడా ఫిలడెల్ఫియా తిప్పాను, లిబర్టీ బెల్ అయ్యింది, ఇండిపెండెన్స్ హాల్ అయ్యింది, ఎండకి కాస్త నీడ చూసుకుందామని సెకండ్ స్ట్రీట్‌లో క్రైస్ట్ చర్చ్ ఆవరణలోకి వెళ్ళాం. అక్కడ చర్చి గోడ పక్కన ఒక సమాధి రాయి ఉంటుంది. జేమ్స్ విల్సన్. దాని దగ్గర ఎవరూ ఆగరు, బెంజమిన్ ఫ్రాంక్లిన్ సమాధేమో ఇంకో చోట, ఆర్చ్ స్ట్రీట్ శ్మశానంలో ఉంది, జనమంతా అటే పోయి దాని మీద చిల్లర నాణేలు విసిరొస్తారు.

"ఈయనెవర్రా?" అన్నారు నాన్న.

"అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టాడు, రాజ్యాంగం మీదా పెట్టాడు. రెండింటి మీదా పెట్టిన వాళ్ళు మొత్తం ఆరుగురే నాన్నా. తర్వాత సుప్రీం కోర్టు జడ్జి అయ్యాడు. జడ్జిగా ఉండగానే అప్పులు కట్టలేక జైలుకెళ్ళాడు."

నాన్న ముప్ఫై నాలుగేళ్ళు బ్యాంకులో చేశారు, ఆఖరి పదేళ్ళు మొండి బాకీల వసూలు సెక్షన్లోనే. అప్పటిదాకా ఫ్రాంక్లిన్ గురించి చెప్పినా వాషింగ్టన్ గురించి చెప్పినా ఊఁ కొడుతూ వచ్చిన మనిషి ఒక్కసారిగా ఆగి, కళ్ళజోడు సర్దుకుని ఆ రాయి మీద అక్షరాలు మొత్తం చదివారు. "జడ్జి అయ్యుండీ ఎగ్గొట్టాడా?"

ఈ ప్రశ్నకి పుస్తకాల్లో దొరికే రెడీమేడ్ జవాబు ఒకటుంది: మహా మేధావి, పాపం భూముల పిచ్చి పట్టి పాడైపోయాడు అని. అంటే విల్సన్ ఇద్దరు మనుషులన్నమాట, ఒకడు గొప్ప లాయరు, ఒకడు అత్యాశపరుడు, రెండోవాడు మొదటివాణ్ణి ముంచేశాడు. నేనూ చాలా రోజులు అదే అనుకున్నా. ఇప్పుడు అలా అనుకోవట్లేదు, విల్సన్ ఇద్దరు కాదు ఒక్కడే, రాజ్యాంగ సభలో ఏ బుర్రతో ఆలోచించాడో అదే బుర్రతో భూములు కొన్నాడు, రెండు చోట్లా ఆయన చేసింది ఒకటే పని. అదేంటో చెప్పటానికే ఇంత రాస్తున్నా, కాస్త ఓపిక పట్టండి.

పుట్టింది స్కాట్లాండ్‌లో, ఫైఫ్ ప్రాంతంలో కార్స్‌కెర్డో అనే చోట, 1742లో. రైతు కుటుంబం. స్కాలర్‌షిప్ మీద సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీలో చదివాడు, ఇంట్లో వాళ్ళేమో చర్చిలో పాదిరీ అవుతాడనుకున్నారు. తండ్రి పోయాక ఆ చదువు ఆగింది, 1765లో ఫిలడెల్ఫియా వచ్చి పడ్డాడు. మొదట కాలేజీలో పాఠాలు చెప్పుకుని, తర్వాత జాన్ డికిన్సన్ అనే పెద్ద లాయర్ దగ్గర లా నేర్చుకుని, కొన్నాళ్ళు రెడింగ్‌లో, ఆ తర్వాత కార్లైల్‌లో ప్రాక్టీస్ పెట్టాడు. కార్లైల్ అంటే అప్పటికి సరిహద్దు ఊరు, అవతలంతా అడవి, వచ్చే కేసులన్నీ భూమి తగాదాలే. ఈ పొలం ముందు ఎవడు కొలిపించాడు, ఎవడి కాగితం పాతది, ఎవడు ఎవడి గట్టు జరిపాడు, ఇవే. మన జిల్లా కోర్టుల్లో సివిల్ లాయర్ల బతుకు ఎలా ఉంటుందో అచ్చం అలాగే. భూమి మీద మోజు అక్కడే అంటుకుని ఉంటుందని నా అనుమానం, ఏడాది పొడుగునా పక్కవాళ్ళ దస్తావేజులు చదివేవాడికి సొంతంగా నాలుగు కాగితాలు ఉంటే బావుణ్ణనిపించటం వింతేం కాదుగా.

ఆ రోజుల్లోనే, 1768లో, ఇరవయ్యారేళ్ళ వయసులో ఒక వ్యాసం రాశాడు. బ్రిటిష్ పార్లమెంటుకి మా మీద చట్టాలు చేసే హక్కు ఎక్కడిది అని. మనుషులంతా సహజంగా సమానులు, స్వతంత్రులు, ఒకడి ఒప్పుకోలు లేకుండా వాడి మీద ఇంకొకడికి అధికారం లేదు, పాలితుల సమ్మతి మీద నిలబడిందే న్యాయమైన ప్రభుత్వం, ఇదీ దాని సారం. రాసి లోపల పెట్టుకున్నాడు, 1774లో గానీ అచ్చు వెయ్యలేదు. జెఫర్సన్ స్వాతంత్ర్య ప్రకటన రాయటానికి రెండేళ్ళ ముందే ఆ మాటలు బజార్లో ఉన్నాయి. కానీ 1776 జూన్‌లో తీరా స్వాతంత్ర్యం తీర్మానం ముందుకొచ్చేసరికి మనవాడు వెనకాడాడు. నా రాష్ట్రం జనాన్ని అడగాలి, మూడు వారాలు టైం ఇవ్వండి అన్నాడు. దీనికి ఆయన్ని పిరికివాడని తిట్టిపోసేవాళ్ళు అప్పుడూ ఉన్నారు ఇప్పుడూ ఉన్నారు. నాకైతే అందులో తప్పేం కనపళ్ళేదు, పాలితుల సమ్మతి అని రాసినవాడు సమ్మతి అడుగుదాం అంటే అది పిరికితనం ఎలా అవుతుంది? జూలై 2న పెన్సిల్వేనియా ఓటు 3కి 2తో అటు పడింది, ఆ మూడింట్లో విల్సన్‌ది ఒకటి. లా నేర్పిన గురువు డికిన్సన్ ఆ రోజు ఓటు వెయ్యకుండా పక్కకి తప్పుకున్నాడు.

ఇక అసలు గొడవ.

తెలుగులో మనకి "ప్రజలు" అనీ "జనం" అనీ రెండు మాటలున్నాయి, నిఘంటువులో రెండూ ఒకటే గానీ వాడకంలో కాదు. ప్రజలు అంటే ఉపన్యాసాల్లో, పీఠికల్లో ఉండేవాళ్ళు, "భారత ప్రజలమైన మేము" అంటామే, వాళ్ళు. జనం అంటే బస్టాండులో తోసుకునేవాళ్ళు, రేషన్ షాపు ముందు లైన్లో నించున్నవాళ్ళు, కోపం వస్తే రాయి పట్టుకునేవాళ్ళు. విల్సన్ జీవితం మొత్తం ఈ రెండు మాటల మధ్య నడిచింది. ప్రజలు అనే మాట మీద ఆ కాలంలో ఆయనంత నమ్మకం పెట్టుకున్నవాడు ఆ రాజ్యాంగ సభలో ఇంకొకడు లేడు. జనం మాత్రం ఆయనకి ఎప్పుడూ సరిపడలేదు.

1776లోనే పెన్సిల్వేనియా ఒక రాష్ట్ర రాజ్యాంగం రాసుకుంది, ఆ రోజులకి చాలా తెగువ ఉన్న రాజ్యాంగం, ఒకటే సభ, గవర్నర్ బదులు కౌన్సిల్, పన్ను కట్టే మగవాళ్ళందరికీ ఓటు. మామూలు జనం చేతికి అధికారం వచ్చింది. విల్సన్ దాన్ని మొదటి రోజు నుంచీ వ్యతిరేకించాడు, అడ్డూ ఆపూ లేని ఒకే సభ ప్రమాదం అన్నాడు. పైగా బ్రిటిష్ వాళ్ళకి సాయం చేశారని కేసులు పడిన వాళ్ళ తరఫున కోర్టులో వాదించాడు. 1778లో కార్లైల్, రాబర్ట్స్ అని ఇద్దర్ని ఆయన వాదించినా సరే ఉరి తీశారు. (ఊరి పేరూ ఈ మనిషి పేరూ ఒకటే, కన్‌ఫ్యూజ్ అవ్వకండి.) లాయరుగా అది ఆయన ధర్మం, నేను తప్పు పట్టను. కానీ బయట పరిస్థితి ఏంటంటే కాగితం డబ్బు విలువ పాతాళానికి పోయింది, పిండి ధర, ఉప్పు ధర అందట్లేదు, బ్రిటిష్ వాళ్ళతో యుద్ధానికి వెళ్ళొచ్చిన మిలిషియా (మామూలు పౌరులతో కట్టిన సైన్యం) వాళ్ళ ఇళ్ళల్లో తిండి లేదు, వ్యాపారులు సరుకు దాచేస్తున్నారని ఊరంతా మంట మీద ఉంది. వాళ్ళ కళ్ళకి విల్సన్ ఎవరు? దేశద్రోహుల్ని కాపాడే లాయరు, షావుకార్ల దోస్తు.

1779 అక్టోబర్ 4. మిలిషియా వాళ్ళు ఒక సత్రం దగ్గర పోగయ్యారు, నలుగురు వ్యాపారుల్ని పట్టుకుని డప్పు కొట్టుకుంటూ వీధుల్లో తిప్పారు, తిప్పి తిప్పి థర్డ్, వాల్‌నట్ వీధుల మూల మీదున్న విల్సన్ ఇంటి దగ్గరికి వచ్చారు. విల్సన్‌కి ముందే తెలిసింది, రాబర్ట్ మారిస్ లాంటి పెద్దమనుషులు ఒక పాతిక ముప్ఫై మంది తుపాకులతో లోపల చేరారు. ఎవరు ముందు కాల్చారో అక్కడున్నవాళ్ళే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. లోపల కిటికీ దగ్గర కాంప్‌బెల్ అనే కెప్టెన్ చచ్చిపోయాడు, బయట మిలిషియా వాళ్ళు చచ్చిపోయారు, సమ్మెటలతో తలుపు పగలగొట్టి లోపలికి దూరారు కూడా. ఆఖరికి రాష్ట్ర పెద్ద జోసెఫ్ రీడ్ గుర్రపు దళంతో వచ్చి చెదరగొడితే గానీ ఆగలేదు. విల్సన్ కొన్నాళ్ళు ఊరు విడిచి దాక్కున్నాడు. ఆ ఇంటికి ఫోర్ట్ విల్సన్ అని పేరు పడింది, విల్సన్ కోట. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన మనిషి, తన పక్షాన యుద్ధం చేసిన సైనికుల మీదే ఇంట్లోంచి తుపాకులు పేల్పించుకున్నాడన్నమాట, అదీ సంతకం పెట్టిన మూడేళ్ళకి.

ఇంత జరిగాక మామూలు మనిషి ఏమవుతాడు? జనానికి ఓటు ఇస్తే ఇంతే అని జీవితాంతం తిట్టుకుంటూ కూర్చుంటాడు. 1787లో రాజ్యాంగ సభకి వచ్చిన చాలామంది పెద్దమనుషులు అలాంటి మూడ్‌లోనే వచ్చారు. విల్సన్ తిరగబడి రెండో వైపు వెళ్ళాడు చూడండి, అక్కడే నాకు ఆయన మీద ఆసక్తి పుట్టింది.

ఆ ఎండాకాలం సభలో 168 సార్లు మాట్లాడాడంటారు, ఆయన కన్నా ఎక్కువ మాట్లాడింది గవర్నర్ మారిస్ ఒక్కడే (గవర్నర్ అంటే పదవి కాదు, పేరే అది). మందం కళ్ళద్దాలు, స్కాటిష్ యాస. ఆయన మాట్లాడుతుంటే బుర్ర మొత్తం ఒకటే వెలుగులా ఉండేదని ఫిలడెల్ఫియా డాక్టర్ బెంజమిన్ రష్ రాశాడు. మే 31నే చెప్పేశాడు, ఈ సమాఖ్య అనే పిరమిడ్ ఎంత ఎత్తు కట్టాలంటే పునాది అంత వెడల్పు ఉండాలి, కాబట్టి దిగువ సభని జనమే నేరుగా ఎన్నుకోవాలి అని. జూన్ 1న దేశానికి ఒకే ఒక్క అధ్యక్షుడు ఉండాలని తీర్మానం పెడితే హాల్లో చాలాసేపు ఎవరూ నోరు మెదపలేదు, ఫ్రాంక్లిన్ లేచి ఇది ముఖ్యమైన విషయం, ఎవరైనా మాట్లాడండయ్యా అనాల్సి వచ్చింది. అదే హాల్లో జార్జ్ వాషింగ్టన్ కూర్చుని ఉన్నాడు మరి, ఆ పదవి ఎవరికి పోతుందో అందరికీ తెలుసు, ఎవడు మాట్లాడతాడు! ఒక్కడే ఉంటే అది కడుపులో పడ్డ రాచరికపు పిండమే అని వర్జీనియా ప్రతినిధి రాండాల్ఫ్ గోల పెట్టాడు. విల్సన్ అంతటితో ఆగలేదు, ఆ ఒక్కణ్ణీ జనమే ఎన్నుకోవాలన్నాడు. సభలో ఇది దాదాపు పిచ్చి మాట కింద లెక్క. జనాన్ని అధ్యక్షుణ్ణి ఎన్నుకోమనటం గుడ్డివాణ్ణి రంగులు చెప్పమనటం లాంటిదని జార్జ్ మేసన్ తర్వాత ఎగతాళి చేశాడు కూడా.

నేరుగా ఎన్నిక అనేది పాస్ కాదని విల్సన్‌కి అర్థమైంది. మర్నాడు, జూన్ 2న, సరే మధ్యలో ఎలక్టర్లని పెడదాం, జనం వాళ్ళని ఎన్నుకుంటే వాళ్ళు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు అన్నాడు. అప్పుడు అదీ 8 రాష్ట్రాలు వద్దని, 2 రాష్ట్రాలే సరేనని ఓడిపోయింది, సెప్టెంబర్లో గానీ ఆ ఆలోచన వేరే వేషంలో ఖాయం కాలేదు. ఇవాళ ఇక్కడ ప్రతి నాలుగేళ్ళకీ, ఎక్కువ ఓట్లు వచ్చినవాడు ఓడిపోయాడేంటి అని మన వాట్సాప్ గ్రూపుల్లో కొట్టుకుంటామే, ఆ ఎలక్టోరల్ కాలేజీ విత్తనం వేసింది, ఆ సభలో నేరుగా ఎన్నిక కోసం అందరికన్నా గట్టిగా పోరాడిన మనిషి. చిన్న అద్దెకి దొరికింది తీసుకుందాం, పెద్దిల్లు తర్వాత కట్టుకుందాం అనే టైపు బేరం అది.

ఆ బేరం చేసే గుణమే ఇంకో చోట చాలా ఘోరం చేసింది. జూన్ 11న బానిసల్ని ఐదింట మూడొంతుల లెక్కన జనాభాలో కలిపి సీట్లు పంచుదామని తీర్మానం పెట్టింది విల్సనే, బలపరిచింది దక్షిణ కరోలినా పింక్నీ. పాస్ అయ్యింది. పోనీ ఆయనకి తెలీదా అంటే, నెల తర్వాత జూలై 11న తనే లేచి అడిగాడు: వీళ్ళని పౌరులుగా లెక్కపెడుతున్నామా, అయితే తెల్లవాళ్ళతో సమానంగా ఎందుకు కాదు? ఆస్తిగా లెక్కపెడుతున్నామా, అయితే మిగతా ఆస్తిని ఎందుకు కలపట్లేదు? ఇంత సూటిగా అడిగి, అడిగిన నోటితోనే, రాజీ కోసం తప్పదు అనేశాడు. తర్వాత పెన్సిల్వేనియాలో రాజ్యాంగాన్ని ఒప్పించేటప్పుడు ఏమన్నాడో తెలుసా, 1808 తర్వాత బానిసల దిగుమతి ఆపే అధికారం వస్తుంది, ఈ దేశంలోంచి బానిసత్వం పోవటానికి ఇదే పునాది అన్నాడు.

ఇరవయ్యేళ్ళ తర్వాత! అప్పటిదాకా గొలుసుల్లో ఉన్నవాళ్ళ మాటేంటి? వాళ్ళు కూడా గుమ్మం ముందు నించున్న జనమే కదా.

నాకు లింక్ దొరికింది ఇక్కడే. విల్సన్ నమ్మిన ప్రజలు ఇంకా పుట్టనివాళ్ళు. ఇంకా ఓడ ఎక్కనివాళ్ళు, ఇంకా కొండలు దాటి పడమటికి పోనివాళ్ళు. జూలై 13న సభలో పెద్ద చర్చ జరిగింది, రేపు పడమటి అడవుల్లో కొత్త రాష్ట్రాలు పుడితే వాళ్ళకి మనతో సమానంగా సీట్లు ఇవ్వాలా, ఇస్తే వాళ్ళు మనల్ని మించిపోరా అని తూర్పు వాళ్ళ భయం. విల్సన్ జవాబు: మెజారిటీ ఎక్కడుంటే పాలన అక్కడే, లోపలి ప్రాంతాలకి మెజారిటీ వస్తే వాళ్ళదే హక్కు. అదే రోజు ఇంకో మాట కూడా అన్నాడు, ప్రభుత్వాలు ఉన్నది ముఖ్యంగా ఆస్తి కాపాడటానికి అనేదాన్ని నేను ఒప్పుకోను, మనిషి మనసుని పెంచటమే అన్నిటికన్నా గొప్ప లక్ష్యం అని. ఆస్తే లక్ష్యం కాదన్న మనిషి ఆ పడమటి అడవులు ఎకరాల లెక్కన కొనటం మొదలుపెట్టి అప్పటికే చాలా ఏళ్ళయింది. ద్రోహం, డబుల్ గేమ్ అనుకోవచ్చు. నేననేది ఏంటంటే ఆయన బుర్రలో అది ఒకటే లెక్క: జనం వస్తారు, లక్షల్లో వస్తారు, అడవి నిండుతుంది, అప్పుడు ఈ రాజ్యాంగానికీ విలువ వస్తుంది, నా కాగితాలకీ విలువ వస్తుంది.

సభలో డీటెయిల్స్ కమిటీ అని ఐదుగురితో వేశారు, రాజ్యాంగం మొదటి పూర్తి చిత్తుప్రతి వాళ్ళు తయారుచేశారు, అందులో పెద్ద భాగం విల్సన్ చేతిరాతలో ఇప్పటికీ ఫిలడెల్ఫియాలో ఉంది. సెప్టెంబర్ 17 ఆఖరి రోజున ముసలి ఫ్రాంక్లిన్ నిలబడి చదవలేకపోతే ఆయన ఉపన్యాసం చదివిపెట్టింది కూడా విల్సనే. పెన్సిల్వేనియా 46కి 23 ఓట్లతో రాజ్యాంగాన్ని ఒప్పుకుంది, ఒప్పించినవాళ్ళలో ముందున్నది ఈయనే. ఆ తర్వాత రెండు వారాలకి ఒక ఊళ్ళో ఆయన దిష్టిబొమ్మ తగలబెట్టారు. ఏ ఊరనుకున్నారు? కార్లైల్. కొత్తల్లో ఆయనకి కేసులిచ్చి అన్నం పెట్టిన ఊరు.

1789లో వాషింగ్టన్‌కి ఉత్తరం రాశాడు, నన్ను చీఫ్ జస్టిస్‌ని చెయ్యండి అని, తనే సొంతంగా! ఆ రోజుల మర్యాదలకి అది కొంచెం ఎక్కువే. వాషింగ్టన్ ఆ కుర్చీ జాన్ జేకి ఇచ్చి ఈయన్ని మామూలు జడ్జిని చేశాడు. ఏడాదికి 3,500 డాలర్ల జీతం. మరుసటి ఏడాది డిసెంబర్లో కాలేజీలో లా పాఠాలు మొదలుపెడితే మొదటి రోజు వాషింగ్టన్, ఆడమ్స్, జెఫర్సన్ వచ్చి కూర్చుని విన్నారు. ఆ పాఠాలూ పూర్తి చెయ్యలేదు, సగంలో వదిలేశాడు. పూర్తి చెయ్యకపోవటం అనేది కూడా ఆయన గుణాల్లో ఒకటిలా ఉంది.

జడ్జిగా రాసిన వాటిల్లో గుర్తుండేది ఒక్కటే తీర్పు, 1793లో చిజమ్, జార్జియా కేసు. కథ సింపుల్. యుద్ధం టైంలో ఫార్కర్ అనే దక్షిణ కరోలినా వ్యాపారి జార్జియా రాష్ట్రానికి సరుకు సప్లై చేశాడు, రాష్ట్రం డబ్బులివ్వలేదు, ఆయన పోయాడు, ఆయన వీలునామా చూసుకునే చిజమ్ సుప్రీం కోర్టుకెళ్ళాడు. జార్జియా కోర్టుకి రానే రాలేదు, మాది సార్వభౌమ రాష్ట్రం, మమ్మల్ని కోర్టుకి లాగటానికి నువ్వెవరివి అంది. మన దగ్గర బిల్లుల కోసం ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగే కాంట్రాక్టర్లకి ఈ కథ ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు. విల్సన్ తీర్పు చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. అమెరికా రాజ్యాంగానికి సార్వభౌముడు అనే మాటే తెలీదన్నాడు. రాష్ట్రం కూడా వ్యాపారి లాగే కాంట్రాక్టు చేసుకుంటుంది, మోసకారి వ్యాపారి అప్పు ఎగ్గొడితే కోర్టు వాణ్ణి పిలుస్తుంది, మరి మోసకారి రాష్ట్రం ఎగ్గొట్టి, నేను సార్వభౌమ రాష్ట్రాన్ని అని వేషం మార్చి అప్పిచ్చినవాణ్ణీ న్యాయాన్నీ కలిపి అవమానిస్తే ఊరుకోవాలా? అని అడిగాడు. నలుగురు జడ్జీలు ఒకవైపు, ఉత్తర కరోలినా నుంచి వచ్చిన జేమ్స్ ఐర్‌డెల్ ఒక్కడే రెండో వైపు. జార్జియా దిగువ సభ అయితే ఈ తీర్పు అమలు చెయ్యటానికి వచ్చినవాణ్ణి ఉరి తియ్యాలని బిల్లే పాస్ చేసింది. 1795కల్లా రాష్ట్రాన్ని ఇలా బయటివాళ్ళు కోర్టుకి లాగటానికి వీల్లేదని రాజ్యాంగానికి పదకొండో సవరణ వచ్చి తీర్పు గాలికి పోయింది.

మోసకారి వ్యాపారి అప్పు ఎగ్గొడితే అన్న ఆ వాక్యం మీద వేలు పెట్టి ఉంచండి, మళ్ళీ వస్తాం.

భూముల సంగతి. మన రియల్ ఎస్టేట్ వాళ్ళ భాషలో చెప్తే ఠక్కున అర్థమవుతుంది. అప్పట్లో పెన్సిల్వేనియాలో ప్రభుత్వ భూమి కావాలంటే ముందు అప్లికేషన్, తర్వాత వారంట్ (అరెస్టుది కాదు, భూమి కొలవమనే ఆర్డరు), తర్వాత సర్వే, మొత్తం డబ్బు కట్టాక పట్టా. 1792 చట్టంలో మనిషికి 400 ఎకరాలని పరిమితి పెట్టారు, పెద్దపెద్ద వాళ్ళు ఏం చేశారంటే లేని మనుషుల పేర్లతో వారంట్లు తీసుకున్నారు. బినామీ. మాట మనది గానీ పని అందరిదీ. పట్టా దాకా వెళ్ళకుండానే కాగితం ఇంకొకడికి అమ్మొచ్చు. టోకెన్ అడ్వాన్స్ ఇచ్చి, అగ్రిమెంట్ రాయించుకుని, రిజిస్ట్రేషన్ గడువు లోపల ఇంకొకడికి తిప్పేస్తాం చూడండి, అదే. మొదటి అగ్రిమెంట్ చూపించి అప్పు తెచ్చి రెండోదానికి అడ్వాన్స్, రెండోది చూపించి మూడోదానికి. విల్సన్ బ్యాంక్ ఆఫ్ నార్త్ అమెరికాలో డైరెక్టరు, దాని లాయరు, దాని దగ్గర పెద్ద అప్పుదారు కూడా. హాలండ్ పెట్టుబడిదారులకి లక్షల ఎకరాలు అమ్మాడు. యూరప్ నుంచి డబ్బునీ మనుషుల్నీ కలిపి తెచ్చి అడవుల్లో కాలనీలు కట్టాలని పెద్ద ప్లానే రాశాడు. జార్జియాలో యాజూ భూముల కుంభకోణం అని ఒకటి జరిగింది, 1795లో 3.5 కోట్ల ఎకరాలు 5 లక్షల డాలర్లకి కంపెనీలకి రాసిచ్చేశారు, ఆ కంపెనీల్లో ఒకదాన్లో ఈ సుప్రీం కోర్టు జడ్జి గారికి వాటా ఉంది. మరుసటేడు కొత్త సభ ఆ చట్టాన్నే రద్దు చేసింది.

జనం వచ్చారా? వచ్చారు! విల్సన్ లెక్క తప్పు కాదు. ఓహైయో నిండింది, పిట్స్‌బర్గ్ నిండింది, ఆయన కలలు కన్నదానికన్నా ఎక్కువమంది వచ్చారు. కాకపోతే వాళ్ళు రావటానికి ముప్ఫై నలభై ఏళ్ళు పట్టింది, అప్పు నోటు గడువేమో కొన్ని నెలలే. 1796, 97లో యూరప్ యుద్ధాలతో డబ్బు బిగుసుకుపోయింది, అందరూ ఒకేసారి బాకీలు అడిగారు, మొత్తం పేకమేడ కూలింది. రాబర్ట్ మారిస్, యుద్ధానికి డబ్బు సర్దిన మహానుభావుడు, 1798 ఫిబ్రవరిలో జైల్లో పడ్డాడు. ఆ రోజుల్లో అప్పిచ్చినవాడు తల్చుకుంటే బాకీదారుణ్ణి జైల్లో పెట్టించొచ్చు, డబ్బు కట్టేదాకా లోపలే.

ఈ మాట అంటే కొందరు, అప్పట్లో అందరూ అదే చేశారు, వాషింగ్టన్‌కి మాత్రం పడమట వేల ఎకరాలు లేవా అంటారు. ఉన్నాయి. కానీ వాషింగ్టన్‌కి మౌంట్ వెర్నన్ కూడా ఉంది, గోధుమ పండేది, చేపలు అమ్మేవాడు, ఆ పని అంతా చేసిన బానిసలు ఉన్నారు, ఆ పాపం వేరే సంగతి. భూమి ధర పెరగటం పదేళ్ళు లేటైనా ఆయన పొయ్యి ఆరదు. విల్సన్‌కి రాబడి అనేది జీతం తప్ప ఇంకేం లేదు, మిగతాదంతా రేపు.

1797లో న్యూజెర్సీలో బర్లింగ్‌టన్ జైల్లో వేశారు. అమెరికా సుప్రీం కోర్టు జడ్జి జైల్లో! కొడుకు బర్డ్ డబ్బు పోగేసి విడిపించాడు. అక్కణ్ణుంచి దక్షిణాదికి, ఉత్తర కరోలినాలో ఈడెన్‌టన్ అనే చిన్న ఊరికి పారిపోయాడు, అక్కడా దొరికిపోయాడు. ఈసారి జైలుకి పంపింది పియర్స్ బట్లర్, 1,97,000 డాలర్ల బాకీ. ఈ బట్లర్ ఎవరో తెలుసా, రాజ్యాంగ సభలో దక్షిణ కరోలినా ప్రతినిధి, పారిపోయిన బానిసల్ని పట్టి యజమానికి అప్పగించాలనే క్లాజు రాజ్యాంగంలో పెట్టించినవాడు. పట్టుకొచ్చే ఖర్చు ప్రభుత్వాలు ఎందుకు భరించాలని ఆ రోజు సభలో అడ్డు చెప్పింది విల్సన్. పదకొండేళ్ళ తర్వాత పారిపోయినవాడు విల్సన్, వెతికి పట్టించినవాడు బట్లర్. నన్ను అడవి మృగాన్ని వేటాడినట్టు వేటాడారు అని కొడుక్కి ఉత్తరం రాశాడు. రాజీనామా మాత్రం చెయ్యలేదు, జడ్జిగానే జైల్లో ఉన్నాడు, జడ్జిగానే బయటికొచ్చాడు.

ఇప్పుడు ఆ వేలు పెట్టిన వాక్యం దగ్గరికి రండి. మోసకారి వ్యాపారి అప్పు ఎగ్గొడితే కోర్టు పిలుస్తుంది అని రాసి ఐదేళ్ళే అయింది. నిజానికి విల్సన్ తను మోసకారినని చివరిదాకా ఒప్పుకోలేదు, భూములున్నాయి, ధర వస్తుంది, అందరికీ కట్టేస్తా అనే అన్నాడు. నాన్న ఇది విని ఒకటే నవ్వు. "మా దగ్గరికొచ్చిన ప్రతీవాడూ ఇదే చెప్పేవాడ్రా. ఎగ్గొట్టేవాడు ఎవడూ ఎగ్గొడతానని అప్పు తీసుకోడు. ఇంకా రాని డబ్బుని వచ్చేసినట్టే లెక్కేసుకుంటాడు, అంతే. వాడి కళ్ళకి అది నిజంగానే కనపడుతుంటుంది."

ఆయన పక్కన ఆఖర్లో ఉన్నది రెండో భార్య హానా. 1793లో పెళ్ళి చేసుకున్నప్పుడు ఆమెకి పందొమ్మిదేళ్ళు, ఆయనకి యాభై దాటాయి. ఆమె ఈడెన్‌టన్ వెళ్ళి ఒక సత్రంలో గది తీసుకుని చూసుకుంది. మలేరియా వచ్చింది, తర్వాత పక్షవాతం, 1798 ఆగస్టు 21న పోయాడు. ఆ ఊళ్ళో వాళ్ళని ఆదుకున్నది ఎవరంటే ఐర్‌డెల్, చిజమ్ కేసులో విల్సన్‌కి ఎదురు తీర్పు రాసిన ఆ ఒక్క జడ్జి, అది ఆయన సొంతూరు. ఐర్‌డెల్ బావమరిది తోటలో పాతిపెట్టారు. ఇంకా రాని వేలమంది మీద పందెం కాసిన మనిషికి ఆఖరికి అక్కరకొచ్చింది ఒక చిన్న భార్యా, వాదనలో తను ఓడించిన ఒక కొలీగూ.

తర్వాత నూట ఎనిమిదేళ్ళు ఎవరికీ గుర్తు రాలేదు. 1906లో పెన్సిల్వేనియా వాళ్ళు తవ్వి, ఓడలో ఫిలడెల్ఫియా తెచ్చి, మర్యాదలన్నీ చేసి ఈ చర్చిలో పెట్టారు. బలమైన కేంద్ర ప్రభుత్వం కావాలనుకునే థియోడర్ రూజ్‌వెల్ట్‌కి అదే ఏడాది విల్సన్ మాటలు అవసరం పడ్డాయి, హారిస్‌బర్గ్ ఉపన్యాసంలో తెగ పొగిడాడు. రాబర్ట్ మారిస్ సమాధి కూడా ఇదే చర్చి వెనకాల ఉంది, ఇద్దరు దివాలాదారులూ ఒకే కాంపౌండ్‌లో. నాన్నకి అది కూడా చూపించాను, చాలా సంతోషించారు, "బ్రాంచి పెట్టొచ్చు ఇక్కడ" అన్నారు.

బయటికి వస్తూ ఆయనకి ఇంకొకటి చెప్పాను. విల్సన్ పోయాక ఖాళీ అయిన జడ్జి సీటు బుష్‌రాడ్ వాషింగ్టన్‌కి వచ్చింది, జార్జ్ వాషింగ్టన్ అన్నదమ్ముడి కొడుకు, ముప్ఫై ఏళ్ళు పైనే కూర్చున్నాడు దాన్లో. ఈ బుష్‌రాడ్ 1782లో లా నేర్చుకున్నది విల్సన్ ఆఫీసులోనే. ఫీజు వంద గినీలు. పెదనాన్న వాషింగ్టన్ దగ్గర అప్పుడు చేతిలో క్యాష్ లేక విల్సన్‌కి ప్రామిసరీ నోటు రాసిచ్చాడు.

నాన్న నడుస్తున్నవారు ఆగారు. "నోటా? మూడేళ్ళు దాటకుండా తిరగరాయించుకున్నాడా మరి? లేకపోతే కాలదోషం పడుతుంది."